రోగి పని రోగి చేసుకునేలా: వైద్యం చేసేవాళ్ల చేతిలో ఉన్నదెంత?

ఓపీలో ఒక పెద్దావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి కూర్చుందనుకోండి. "ఏమ్మా, ఏంటి ఇబ్బంది?" అని డాక్టరు ఆవిడ వైపు చూసే మొదలుపెడతారు. ఆవిడ "మొన్న మా మరిది కూతురి పెళ్లికి వెళ్లొచ్చినప్పటి నుంచి..." అంటూ మొదటి నుంచి చెప్పబోతుంది, బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉంటారు, కొడుకు అందుకుని "షుగరుంది సార్, కాళ్లు తిమ్మిర్లంటోంది, మందులు సరిగ్గా వేసుకోదు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తాడు, అక్కణ్ణుంచి మాటలన్నీ ఆ ఇద్దరి మధ్యే. మందుల చీటీ కొడుకు చేతికి, జాగ్రత్తలు కొడుకు చెవికి, రిపోర్టుల ఫైలు కొడుకు సంచిలోకి వెళ్లిపోతాయి. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. డాక్టరుకి టైం లేదు, కొడుక్కి అమ్మ మీద ప్రేమ ఉంది, ఆవిడకీ ఇదే అలవాటైపోయింది. కానీ ఇంటికెళ్లాక రెండు పూటలా మాత్ర మింగాల్సింది, కాలి వేళ్ల సందుల్లో పుండు పడిందేమో చూసుకోవాల్సింది, రాత్రిపూట చెమటలు పట్టి చేతులు వణికితే గబుక్కున చక్కెర నోట్లో వేసుకోవాల్సింది ఆవిడే. కొడుకు సోమవారం పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కేస్తాడు.

జబ్బు వల్ల మనిషి ఇంకొకరి మీద ఆధారపడటం కొంత ఉంటుంది, అది తప్పదు. వైద్యం జరిగే తీరు వల్ల ఆధారపడటం ఇంకొంత ఉంటుంది, దీన్ని చాలావరకు తప్పించొచ్చు. ఈ రెండోదాన్ని ఎవరూ లెక్కలో రాయరు కాబట్టి అది కనపడదు. ఆస్పత్రిలో చేరేటప్పుడు నడుచుకుంటూ వచ్చిన పెద్దాయన న్యుమోనియా తగ్గి వీల్‌చైర్‌లో ఇంటికెళ్తే డిశ్చార్జ్ సమ్మరీలో "పరిస్థితి నిలకడగా ఉంది" అనే రాస్తారు. ఊపిరితిత్తుల వరకు అది నిజమే మరి.

మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో కొలవడానికి సాధనాలు లేవా అంటే, అరవై ఏళ్లుగా ఉన్నాయి. అమెరికా డాక్టరు సిడ్నీ కాట్జ్ 1963లో ఆరు పనులతో ఒక కొలత ప్రచురించాడు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లిరావడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తన చేత్తో తాను తినడం. 1965లో వచ్చిన బార్తెల్ ఇండెక్స్ ఇలాంటి పది పనులకి మొత్తం వంద మార్కులు వేస్తుంది. రెండూ ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. చేరిన రోజు ఒకసారి, పంపించే రోజు ఒకసారి నర్సు అడిగి రాసుకుంటే చాలు, వైద్యం మనిషిని ఎక్కడ నుంచి ఎక్కడికి తెచ్చిందో తెలిసిపోతుంది. మన దగ్గర వీటికి ఇంకో రెండు పనులు కలపాలి: కింద కూర్చుని లేవగలగడం, ఇండియన్ టాయిలెట్ వాడగలగడం. పల్లెటూళ్లో ఈ రెండూ పోయాయంటే భోజనం దగ్గర నుంచి పూజ దాకా అన్నీ మారిపోతాయి, బంధువుల ఇంటికి వెళ్లడం కూడా మానేస్తారు.

మంచం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నష్టం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది. 2007లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన జరిగింది. ఏ జబ్బూ లేని పెద్దవయసు వాళ్లని పది రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచి చూస్తే, కాళ్లలో కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అంత పోయింది, జ్వరంతో, తిండి సయించక పడుకున్న డెబ్భై ఏళ్ల మనిషికి ఎంత పోతుందో ఊహించుకోవచ్చు. మన వార్డుల్లో మాత్రం "బాగా రెస్ట్ తీసుకోండి, లేవకండి" అనేది ప్రేమతో చెప్పే మాట. బెడ్‌పాన్ మంచం దగ్గరికే వస్తుంది, అన్నం అటెండెంటు కలిపి పెడుతుంది, యూరిన్ పైపు మొదటి రోజు ఏదో అవసరానికి వేసినది వారమైనా తీసేవాళ్లుండరు. పైపు ఉన్నన్నాళ్లూ ఇన్ఫెక్షన్ భయం ఒకటి, ఆ సంచి మోసుకుంటూ నడవలేక మనిషి మంచానికే అతుక్కుపోవడం ఇంకొకటి. రోజూ రౌండ్స్‌లో డాక్టరు "ఈ పైపు ఇవాళ ఇంకా కావాలా?" అని ఒక్క ప్రశ్న అడిగితే ఎంతోమంది ఒకటి రెండు రోజుల ముందే లేచి బాత్రూం దాకా వెళ్తారు. బ్రిటన్ ఆస్పత్రుల్లో అయితే దీనికోసం పెద్ద ఉద్యమమే నడిపారు, రోగులు రాత్రి బట్టలు మార్చుకుని మామూలు బట్టల్లో కూర్చోవాలని, లేచి తిరగాలని, 2018లో డెబ్భై రోజుల పాటు దేశమంతా. వినడానికి చిన్న విషయమే, కానీ ఆస్పత్రి గౌనులో వెనక తాళ్లు ఊడిపోతుంటే వరండాలో నడవడానికి ఎవరు మాత్రం ఇష్టపడతారు?

పక్షవాతంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కుడి చెయ్యి పడిపోతే మనిషి ఎడమ చేత్తో నెట్టుకురావడం నేర్చుకుంటాడు, మిగతాది ఇంట్లోవాళ్లు చేసేస్తారు. కొన్ని వారాలకి కుడి చేతిలో కాస్త కదలిక తిరిగొచ్చినా దాన్ని వాడడు, వాడనందువల్ల మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఎడ్వర్డ్ టౌబ్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ సంగతిని ఏళ్ల తరబడి పరిశోధించి తిరగేసిన పద్ధతి ఒకటి తెచ్చాడు: బాగున్న చేతికే మెలకువగా ఉన్న టైంలో చాలాసేపు గ్లౌజు లాంటిది తొడిగి ఆపేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించడం. 2006లో 222 మంది మీద, స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్ల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. రెండు వారాల ఈ కసరత్తు తర్వాత వాళ్ల చెయ్యి మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలబడింది. అందరికీ పనికొచ్చేది కాదిది, మణికట్టు, వేళ్లు కొంతైనా కదలాలి. కానీ ఇందులో ఉన్న విషయం ఏ ఇంట్లో అయినా పనికొస్తుంది: కోడలు అన్నం తినిపిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మావయ్య తనే తింటే ముప్పావుగంట పట్టి సగం చొక్కా మీద పడుతుంది, ఆ ముప్పావుగంటే ఆయన ఫిజియోథెరపీ. ఈ ముక్క డాక్టరు కోడలికి చెప్పకపోతే, ఆమె ప్రేమతో చేసే సేవే ఆయన చేతిని పడుకోబెట్టేస్తుంది. "ఏం చేయాలి" అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, పావురం రక్తం పూయమనే వాళ్లతో సహా. "ఏం చేయకూడదు, ఏది ఆయనకే వదిలేయాలి" అని చెప్పాల్సింది మాత్రం తెల్లకోటు వేసుకున్నవాళ్లే, ఇంకెవరు చెప్పినా కోడలు నలుగురి నోళ్లలో నానాల్సి వస్తుంది.

ఇక చెప్పే తీరు. "అర్థమైందా?" అనడిగితే మన దగ్గర ఎవరైనా "ఆఁ, అర్థమైంది సార్" అనే అంటారు. డాక్టరు ముందు అర్థం కాలేదనడం మర్యాద కాదని ఒక లెక్క, మళ్లీ అడిగితే విసుక్కుంటారని ఒక భయం. దానికి మందు ప్రశ్నని తిప్పి వేయడమే: "ఇంటికెళ్లాక మీ ఆయన అడిగితే ఈ ఇంజెక్షన్ సంగతి ఎలా చెప్తారో నాకు ఒకసారి చెప్పండమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో తెలుస్తుంది." భారం చెప్పినవాళ్ల మీద వేసుకున్నట్టుంటుంది కాబట్టి అవతలి వాళ్లకి చిన్నతనం అనిపించదు, తప్పు ఎక్కడుందో కూడా అక్కడికక్కడే బయటపడుతుంది. టైం ఎక్కడిది అంటారా, నిజమే. 2017లో ప్రపంచ దేశాల ఓపీ సమయాల మీద వచ్చిన ఒక పెద్ద సమీక్షలో మన దేశం రెండు నిమిషాల చుట్టుపక్కల ఉంది, స్వీడన్ ఇరవై నిమిషాల పైన ఉంది. రెండు నిమిషాల్లో డాక్టరే అన్నీ చేయాలంటే కుదరదు. నర్సు, ఫార్మసిస్టు, డైటీషియన్, ఊళ్లో ఆశా, ఏఎన్ఎం ఈ పని పంచుకోవాలి. కార్పొరేట్ ఆస్పత్రుల్లో బిల్లింగ్ కౌంటర్లో అన్నీ ఓపిగ్గా విడమరచి చెప్పే మనుషులుంటారు, ఇన్సులిన్ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ దొరకరు. ఇది టైం సమస్య ఒక్కటే అంటే నమ్మబుద్ధి కాదు.

ఇన్సులిన్ మంచి ఉదాహరణ, ఎందుకంటే ఇక్కడ స్వతంత్రం అంటే వివరాలే. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది, వాళ్లలో ఇన్సులిన్ తీసుకునేవాళ్లు చాలామంది రోజూ ఇంటి పక్క ఆర్ఎంపీ దగ్గరికో, కాంపౌండరు దగ్గరికో వెళ్లి పొడిపించుకుంటారు. ఆయన ఊళ్లో లేని రోజు డోసు లేనట్టే. తనే వేసుకోవడం నేర్పడానికి అరగంట చాలు. కానీ ఆ అరగంటలో చెప్పాల్సినవి కొన్ని ప్రాణాల మీదికి వచ్చేవి ఉన్నాయి. మన దగ్గర ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత ఉంటుంది, చూడ్డానికి రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి, మందుల షాపులో ఏది ఉంటే అది ఇచ్చేస్తారు. 40 యూనిట్ల సీసాకి 100 సిరంజి వాడితే అందాల్సిన మందులో సగం కూడా అందదు. అదే 100 యూనిట్ల మందుని 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు లోపలికి వెళ్తుంది, అది ఆ రాత్రికే ప్రమాదం. సీసా మీద అంకె, సిరంజి మూత రంగు కలిశాయా అని చూసుకోవడం చదువు రాని మనిషికి కూడా ఒక్కసారి చేతిలో పెట్టి చూపిస్తే వచ్చేస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడిపిన మట్టికుండలో చల్లగా ఉంచుకోవచ్చని చెప్పాలి, ఫ్రిజ్ లేదని చెప్పడానికి సిగ్గుపడి ఊరుకునేవాళ్లుంటారు. లో షుగర్ అయితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగడం, పావుగంటాగి మళ్లీ చూసుకోవడం.

ఇంతకంటే పెద్ద విషయం, డోసు మీద రోగికి కొంత అధికారం ఇవ్వడం. ఏకాదశి ఉపవాసం ఉంటారు, రంజాన్ నెల ఉంటారు, పెళ్లిలో భోజనం మధ్యాహ్నం మూడింటికి వడ్డిస్తారు. డాక్టరుకి చెప్తే తిడతారని చెప్పకుండానే ఉపవాసం ఉంటారు, ఇన్సులిన్ మాత్రం మామూలుగానే వేసుకుంటారు, లేదా పూర్తిగా మానేస్తారు. "ఉపవాసాలు గిపవాసాలు కుదరవు" అని కొట్టిపారేసే డాక్టరు నిజానికి ప్రమాదాన్ని తగ్గించడం లేదు, తన కళ్ల ముందు నుంచి తప్పిస్తున్నారంతే. ఏ రోజు ఎంత తగ్గించాలి, అంకె ఎంతకి దిగితే ఉపవాసం అక్కడితో ఆపేయాలి అని ముందే మాట్లాడుకుంటే అటు నమ్మకమూ నిలుస్తుంది, ఇటు మనిషీ క్షేమంగా ఉంటాడు. ఎవరికి ఉపవాసం అసలు కుదరదో వాళ్లకి కారణం చెప్పి ఆ మాటే చెప్పొచ్చు, కారణం చెప్పాక వినేవాళ్ల సంఖ్య ఎక్కువే ఉంటుంది.

చీటీ మీద రాత కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మందుల పేర్లు జనరిక్ పేర్లతో, చదవగలిగేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. అది అమలైన చోట కూడా అక్షరాలు ఇంగ్లీషువే. చాలామంది పెద్దవాళ్లు మందుని పేరుతో గుర్తుపట్టరు, "ఆ గులాబీ బిళ్ల, ఆ పొడుగు గొట్టం" అని గుర్తుపడతారు. కంపెనీ మారి బిళ్ల రంగు మారిందంటే ఆగమైపోతారు, ఒకే మందు రెండు రంగుల్లో రెండుసార్లు వేసుకునేవాళ్లూ ఉంటారు. స్ట్రిప్ మీద సూర్యుడో చంద్రుడో గీసి, తెలుగులో "బీపీకి, పొద్దున, తిన్నాక" అని రాసివ్వడం ఫార్మసిస్టుకి అరనిమిషం. కొందరు ఇలా రాసిస్తున్నారు కూడా, ఆ షాపుకే జనం ఎందుకు వెళ్తారో పక్క షాపువాళ్లకి అర్థం కాదు.

మన దేశంలో ఈ విషయంలో గర్వంగా చెప్పుకోదగ్గ పని జరగకపోలేదు. 1968లో జైపూర్‌లో ఆర్థోపెడిక్ సర్జన్ ప్రమోద్ కరణ్ సేఠీ, శిల్పి రామ్ చంద్ర శర్మ కలిసి తయారుచేసిన కృత్రిమ పాదం చరిత్ర చూడండి. అంతకు ముందున్న విదేశీ పాదం బూటు లోపల వేసుకోవడానికి చేసినది, చీలమండ దగ్గర వంగేది కాదు, దానితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, బురదలో దిగలేరు. రోగులు దాన్ని తీసుకుని ఇంటికెళ్లి మూలన పడేసి కర్రలతోనే నడిచేవాళ్లు. రోగి మాట వినడని తీర్మానించకుండా, అతని రోజు ఎలా గడుస్తుందో చూసి దానికి తగ్గ పాదం చేశారు: రబ్బరుతో, అన్ని వైపులా వంగేలా, చెప్పుల్లేకుండా పొలంలో నడిచేలా, చెట్టెక్కేలా. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. కాలు పోయిన రైతు మళ్లీ రైతుగానే బతకాలి అనేది అక్కడ లక్ష్యం, ఊరికే నిలబడగలిగితే చాలనుకోలేదు.

వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు రోగుల చేతులకి సర్జరీలు మొదలుపెట్టాడు. వేళ్లు కుష్ఠు క్రిమి తినేయడం వల్ల పోతున్నాయని అప్పటిదాకా అనుకునేవాళ్లు. స్పర్శ తెలియక కాలిపోవడం, కోసుకుపోవడం, అదే చోట పదేపదే ఒత్తిడి పడటం వల్ల పోతున్నాయని ఆయన చూపించాడు. ఆ మాటతో వైద్యం సగం రోగి చేతిలోకి వచ్చింది, రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, పుండు ఉందేమో కళ్లతో వెతుక్కోవడం, మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకోవడం. ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు అని ఇవాళ్టికీ కుష్ఠు రోగులకి ఇస్తున్నది అలాంటివే, షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకీ అవే పనికొస్తాయి. ఆ ఆస్పత్రిలోనే పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయాక వీల్‌చైర్‌లో కూర్చునే సర్జరీలు చేసింది, తర్వాత అక్కడ రీహాబిలిటేషన్ విభాగానికి ఊపిరిపోసింది. రోగికి ఏం చేతనవుతుందో తెల్లకోటులో ఉన్నవాళ్లు తామే తేల్చేయడానికి ముందు ఆవిడని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987లో మొదలైంది. అక్కడ ఆపరేషన్‌తో బాగుపడని చూపు ఉన్నవాళ్లకి విడిగా రీహాబిలిటేషన్ సేవలున్నాయి. "ఇక చేసేదేం లేదు" అని పంపించేయడం దగ్గర మిగతా చోట్ల కథ అయిపోతుంది. ఆ మాట కంటి వైద్యానికి నిజం కావచ్చు, మనిషికి నిజం కాదు. తెల్లకర్రతో నడవడం, గ్యాస్ పొయ్యి దగ్గర చూడకుండా వంట చేయడం, నోట్లు గుర్తుపట్టడం, ఫోనుని తెలుగులో చదివించుకుంటూ వాడటం ఇవన్నీ నేర్పితే వచ్చేవే. ఊళ్లో కంటి డాక్టరు ఇవన్నీ నేర్పనక్కర్లేదు, ఎక్కడ నేర్పుతారో చెప్పి ఒక చీటీ రాసిస్తే చాలు.

డయాలసిస్ దగ్గర ఇదే ప్రశ్న ఇంకా ముదురుతుంది. స్వీడన్‌లో యోన్‌షోపింగ్ నగరంలోని రీహోవ్ ఆస్పత్రిలో 2005లో ఒక రోగి, ఈ మిషన్ నేనే నడుపుకుంటాను నేర్పండి అని నర్సుని అడిగాడు. ఆవిడ కాదనకుండా నేర్పింది. అతన్ని చూసి ఇంకొకరు, వాళ్లని చూసి మరికొందరు, చివరికి ఆస్పత్రి రోగులు తమంతట తాము డయాలసిస్ చేసుకునే యూనిట్‌నే కట్టింది. ఇది మన దగ్గరికి యథాతథంగా తెచ్చిపెట్టేది కాదు, అక్కడి నీళ్లు, కరెంటు, నర్సుల సంఖ్య వేరు. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ పాడైన మనిషి వారానికి రెండు మూడుసార్లు పనిమానుకుని, తోడొకరిని తీసుకుని, సెంటరుకి వెళ్లి నాలుగు గంటలు మిషన్ దగ్గర పడుకుని రావాలి. ఉచితంగా చేస్తున్నారు, పింఛనూ ఉంది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కూడా మొదలైంది, ఇవన్నీ పెద్ద ఊరటే. రోజులు మాత్రం పోతూనే ఉన్నాయి, ఇద్దరివి. కడుపు ద్వారా ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్ అనేది ఒకటుందని ఎంతమందికి తెలుసు? పొట్టలో చిన్న గొట్టం, రోజుకి మూడు నాలుగుసార్లు సుమారు రెండు లీటర్ల ద్రవం మార్చుకోవడం, ఒక్కోసారికి అరగంట పైన పడుతుంది. శుభ్రత తప్పితే ఇన్ఫెక్షన్ వస్తుంది, ద్రవం సంచులు ఊరిదాకా చేరాలి, అందరి ఒంటికీ పడదు. కేంద్రం డయాలసిస్ పథకంలో దీనికి 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చారు. కుదిరేది, కుదరనిది తర్వాతి సంగతి, ముందు రెండు దారులున్నాయని రోగికి చెప్పాలి కదా. ఒకటే దారి చూపించి సంతకం పెట్టించుకుంటే దాన్ని ఎంపిక అనలేం.

సంతకం దగ్గరికి వచ్చాం కాబట్టి ఆ విషయమూ చూడాలి. మన ఆస్పత్రుల్లో కన్సెంట్ ఫారం అటెండెంటు పెట్టే సంతకంగా స్థిరపడిపోయింది. 2008 జనవరిలో సుప్రీంకోర్టు దీని మీద స్పష్టమైన తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన ఒక మహిళకి, ఆమె మత్తులో ఉండగా తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె మేజర్, అప్పటికప్పుడు ప్రాణం పోయే అవసరం లేదు, మెలకువ వచ్చేదాకా ఆగొచ్చు, కాబట్టి తల్లి ఒప్పుకోవడం ఒప్పుకోవడం కిందికి రాదు అని కోర్టు చెప్పింది. గర్భస్రావం విషయంలో 1971 చట్టం మేజరైన స్త్రీ అంగీకారం ఒక్కటే అడుగుతుంది, అయినా "మీ ఆయన్ని తీసుకురా" అనే చోట్లకి ఇప్పటికీ లోటు లేదు. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ఇంకో అడుగు ముందుకేసింది: రోగి తీసుకున్న నిర్ణయం పక్కవాళ్లకి తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి లేదని అనకూడదని నాలుగో సెక్షన్‌లోనే రాసింది, జబ్బు ముదిరితే తనకి ఎలాంటి వైద్యం కావాలో, వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. మానసిక రోగులకే అంత గౌరవం ఇమ్మని చట్టం అంటుంటే, మోకాళ్ల నొప్పుల కోసం వచ్చిన రిటైర్డ్ టీచర్ని "మీ పిల్లలెవరూ రాలేదా?" అని వెనక్కి పంపడం విడ్డూరమే.

అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన ఇళ్లలో నిర్ణయాలు ఒంటరిగా తీసుకోవడం అందరికీ ఇష్టం ఉండదు. "నాకేం తెలుసు నాయనా, మా పెద్దోడు ఎలా అంటే అలా" అనే ఆవిడ తన మాటని వదులుకున్నట్టు కాదు, ఎవరిని నమ్మాలో తనే తేల్చుకుంది. ఆమెని కూర్చోబెట్టి రిస్కుల శాతాలన్నీ వినిపించడం కూడా ఒకరకమైన దౌర్జన్యమే. తేడా ఎక్కడంటే, ఆ మాట ఆమె అనాలి, ఆమె బదులు పెద్దోడు అనకూడదు. కాన్సర్ అని తేలినప్పుడు ఈ గొడవ బాగా తెలుస్తుంది. "అమ్మకి చెప్పకండి డాక్టర్, తట్టుకోలేదు" అని పిల్లలు కారిడార్లో చేతులు పట్టుకుంటారు. పిల్లల్ని కసురుకోకుండా, అమ్మకి అబద్ధమూ చెప్పకుండా ఉండే దారి పరీక్షలు మొదలయ్యేటప్పుడే ఆమెని అడిగేయడం: "రిపోర్టులు వచ్చాక వివరాలన్నీ మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?" ఆమె ఏది చెప్తే అది. కీమో వార్డులో జుట్టు ఊడుతున్నవాళ్ల మధ్య కూర్చుని తనకేమీ తెలియనట్టు నటించే తల్లులు ఎంతమంది ఉంటారో ఆ వార్డు నర్సుల్ని అడిగితే చెప్తారు.

"నీ పని నువ్వు చేసుకో" అనేది ఖర్చు తగ్గించుకునే ఆస్పత్రికి కూడా బాగా నచ్చే మాట, దీంతో జాగ్రత్తగా ఉండాలి. గ్లూకోమీటర్ కొనమని చెప్పి స్ట్రిప్పులకి నెలకెంతవుతుందో అడగకపోవడం, ఇంట్లో వ్యాయామాలు చేయమని ఒక జిరాక్స్ కాగితం ఇచ్చి మళ్లీ ఎప్పుడు చూస్తారో చెప్పకపోవడం, పుండుకి డ్రెస్సింగ్ మీరే చేసుకోండని ఒంటరి ముసలావిడని పంపేయడం, ఇవి వదిలించుకోవడం కిందికే వస్తాయి. నేర్పాలి, చేయించి చూడాలి, తేడా వస్తే ఏ నంబరుకి ఫోన్ చేయాలో చెప్పాలి, ఆ ఫోన్ ఎవరో ఒకరు ఎత్తాలి. అడిగితే డెబ్భై రెండు గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. కాగితాలు చేతిలో ఉంటేనే రోగి ఇంకో డాక్టరుని అడగగలడు, ఆ దారి మూసేసి స్వతంత్రం గురించి మాట్లాడటం అనవసరం.

చివరగా అన్ని ఇళ్లలోనూ వినపడే మాట ఒకటుంది, "పడిపోతారేమో." తుంటి విరిగితే పెద్దవయసులో అది ప్రాణాంతకం కావచ్చు, కాబట్టి భయం ఉత్తదేం కాదు. అందుకని బాత్రూం తలుపు వేసుకోనివ్వరు, మేడ మెట్లెక్కనివ్వరు, వీధి చివర గుడికి పంపరు. నడక తగ్గేకొద్దీ కాళ్లు బలహీనపడి పడిపోయే అవకాశం ఇంకా పెరుగుతుందని మాత్రం ఎవరూ చెప్పరు. ఈ భయానికి వైద్యుల దగ్గర చేయదగ్గ పనులు చాలానే ఉన్నాయి. నిద్రమాత్రలు, లేవగానే బీపీ పడిపోయేలా చేసే మందులు అవసరమా అని చీటీ మళ్లీ చూడటం, పడుకున్నప్పుడు, నిలబడ్డాక బీపీ రెండుసార్లు కొలవడం, శుక్లాలు ఉన్నాయేమో చూడటం, బాత్రూంలో పట్టుకోవడానికి గోడకి స్టీల్ కడ్డీ, రాత్రి దారిలో చిన్న లైటు పెట్టించమనడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం రోజూ కొన్నిసార్లు చేయించడం. మన ఫిజియోథెరపీ గదుల్లో అరుదుగా కనిపించేది ఇంకొకటుంది: పడిపోయాక తనంతట తాను లేవడం నేర్పించడం. పక్కకి దొర్లి, మోకాళ్ల మీదికొచ్చి, పాకుతూ ఒక కుర్చీ దాకా వెళ్లి, దాని మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందు పెట్టి లేవడం. కింద చాప వేసి ఇంట్లోవాళ్ల ఎదురుగా ప్రాక్టీసు చేయించొచ్చు. అది వచ్చిన పెద్దాయనని గుడికి ఒక్కణ్ణే పంపడానికి కోడలు కూడా అంతగా అడ్డుపడదు.